కరెంటు తీగల కింద మునగ

మా వీధిలో ఇరవై రెండేళ్ల పాటు కరెంటు తీగల మీద ఆకుకూర పండింది. పొద్దున్నే ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని స్తంభాల దగ్గరికి వచ్చి, తీగల నుంచి పచ్చటి రెమ్మలు తుంచుకుని వెళ్లేవాళ్లు. ఆ కూర తిన్న రోజు మా ఇంట్లో స్విచ్చి వేయకుండానే బల్బు వెలిగేది.

సరే, బల్బు మాట వదిలేయండి. పండింది తీగల మీద కాదు, తీగల కింద. చిన్నప్పుడు కాన్వెంటులో మా సిస్టరు ఒక్కో అబద్ధానికి వేళ్ల కణుపుల మీద స్కేలు అంచుతో ఒక్కోటి వేసేది. అప్పటి నుంచి అబద్ధం చెప్పేటప్పుడు చేతులు జేబులో దాచుకోవడం నాకు అలవాటైంది. రాసేటప్పుడు ఆ వీలు లేదు. కాబట్టి ఇక్కణ్ణుంచి నూటికి ఎనభై పాళ్లు నిజమే రాస్తాను.

ఇది మా బావమరిది సంగతి. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు, కరెంటు ఆఫీసులో లైన్‌మన్. మా ఎదురిల్లే. వీధిలో అతన్ని అందరూ తిమ్మిరి అంటారు. ఎదురుగా అన్నా పలుకుతాడు.

ఆ పేరు ఎలా వచ్చిందంటే, పెళ్లయిన నాలుగో ఏట లైను ఆపించి, ఆపినట్టు కాగితం రాయించుకుని, పద్ధతి ప్రకారమే స్తంభం ఎక్కాడు. అదే సమయానికి పిండిమర ఆసామి కరెంటు పోయిందని జనరేటరు తిప్పాడు. ఆ కరెంటు వెనక్కి తన్ని ఆగిన తీగలోకి వచ్చింది. నడుముకు బెల్టు ఉండబట్టి కింద పడలేదు గానీ, పది నిమిషాలు స్తంభానికి వేలాడాడు. బతికాడు. ఎడమచేతి మూడు వేళ్లకు మాత్రం స్పర్శ పోయింది. ఆసుపత్రిలో డాక్టరు గుండుసూదితో పొడిచి, "తెలుస్తోందా?" అని అడిగితే, "మీరు పొడవడం కనిపిస్తోందండీ" అన్నాడట.

ఆ తిమ్మిరి వేళ్ల దగ్గరే ఆగలేదని మా ఆవిడ అంటుంది. అంతకు ముందు ఎంత గట్టిగా నవ్వేవాడో అంత గట్టిగా పోట్లాడేవాడట. మేం ఈ వీధికి వచ్చినప్పటి నుంచి అతను రెండూ చేయలేదు. జీతం పెరిగిందంటే "ఊ" అంటాడు. ఇల్లు కారుతోందంటే "ఊ" అంటాడు. రెండు "ఊ"లకూ తేడా కనిపెట్టగలిగిన మనిషి ఒక్కతే, అతని భార్య.

ఆవిడ నాకు చెల్లెలి వరస. టైలరు దుకాణానికి కాజాలు కుట్టేది. మనిషి పొట్టి, నోరు పొడుగు. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడేది. కూరగాయల బండివాడి దగ్గర సొరకాయను కూడా టేపుతో కొలిచి బేరమాడేది. నా మీద ఒట్టు, ఇది నిజం.

చెట్ల ఆలోచన ఆవిడదే. తీగలకు తగిలే కొమ్మలు కొట్టడం లైన్‌మన్ల పనుల్లో ఒకటి. ఒకసారి అతను ఎవరి పెరట్లోనో కొట్టిన మునగకొమ్మలు నాలుగు పొయ్యిలోకి పనికొస్తాయని తెచ్చి గోడకు ఆనించాడు. వానలు పడ్డాయి. మూడు వారాలకు ఆ కట్టెలు గోడకు ఆనుకునే చిగుర్లు వేశాయి.

మర్నాడు నేను అరుగు మీద కూర్చుని పేపరు చదువుతుంటే ఎదురింట్లో గొడవ వినిపించింది. గొడవంటే ఒకవైపే.

"ఈ కొమ్మలు స్తంభాల మధ్యన వరసగా పాతుదామండీ."

"తీగల కిందా? నా ఉద్యోగం పోతుంది."

"పెరగనిస్తే కదా పోయేది! భుజం దాటగానే మీవాళ్లే లారీ వేసుకొచ్చి కొట్టేస్తారు. మనం కత్తి కూడా పట్టక్కర్లేదు."

"చెట్టు నాటేదీ మనమే, కొట్టించేదీ మనమేనా?"

"కొడితేనే కదండీ అది గుబురెక్కేది. అన్నయ్యా, మీరు చెప్పండి! పేపరు తలకిందులుగా పట్టుకుని ఎంతసేపు వింటారు?"

నేను పేపరు తిప్పి పట్టుకుని ఆవిడ చెప్పిందే సబబన్నాను. ఆవిడ చెప్పింది నిజంగానే సబబు. మునగను దాని మానాన వదిలేస్తే రెండేళ్లలో మేడెక్కుతుంది. ఆకు మన చేతికందదు, కొమ్మ గాలికి ఆగదు. అదే భుజం ఎత్తున నరికితే, నరికిన చోట నాలుగైదు చిగుర్లు లేస్తాయి. వాటిని తుంచితే ఇంకో పది వస్తాయి. తోటకూరలా ఏటేటా విత్తనం చల్లక్కర్లేదు, మడి తవ్వక్కర్లేదు. ఒకసారి వేరు పట్టిందంటే ఎండాకాలం కూరలన్నీ వాడిపోయినప్పుడు కూడా అది ఆకు ఇస్తూనే ఉంటుంది.

అలా పన్నెండు చెట్లు లేచాయి. ఆర్నెల్లకోసారి డిపార్ట్‌మెంటు వాళ్లు వచ్చి, తీగలకు అడ్డమని రాసుకుని, కొట్టి వెళ్లేవాళ్లు. ఎంత ఎత్తున కొట్టాలో ఆవిడ చెట్టు పక్కన నిలబడి చూపించేది. ఆవిడ భుజమే కొలత. అందుకే మా వీధి మునగచెట్లు లోకంలోకెల్లా పొట్టివి. వీధి మొత్తానికీ కూర అక్కడిదే. ఇస్త్రీ బండి ఆవిడ ఇంట్లో ఐదుగురు తినేవాళ్లు. వారంలో నాలుగు రోజులు ఆవిడ పొయ్యి మీద ఉడికింది ఆ ఆకే.

గొంగళిపురుగులు పట్టే కాలంలో మాత్రం మా బావమరిదికి పని పడేది. మాను చుట్టూ బొచ్చు పురుగులు గుంపులుగా అంటుకుంటే, వీధిలో వాళ్లు ఆమడ దూరం నుంచే గోక్కునేవాళ్లు. అతను తిమ్మిరి వేళ్లతో ఒక్కొక్కటే తీసి కిరోసిన్ డబ్బాలో వేసేవాడు. "దురద లేదురా నీకు?" అంటే, "ఉండే ఉంటుంది బావా, నాకు చెప్పడం లేదు" అనేవాడు.

చెట్లు నాటిన ఇరవై ఒకటో ఏట ఒక మధ్యాహ్నం మా చెల్లెలు చొక్కా ఒళ్లో పెట్టుకుని, మూడో కాజా సగంలో ఉండగా పక్కకు ఒరిగిపోయింది. ఆసుపత్రిలో రెండు రోజులుంది. మాట్లాడలేదు. మూడో రోజు పోయింది.

అంతా అయిపోయిన మర్నాడు పొద్దున్నే అతను ఎప్పటిలాగే బయటికొచ్చి, చెట్ల దగ్గర ఆకు తుంచాడు. ఇస్త్రీ ఆవిడ వాటా ఆవిడకిచ్చాడు. ఇంట్లోకి వెళ్లి కూర్చుని రెమ్మల నుంచి ఆకు దూశాడు, ఉడికించాడు, తిన్నాడు, డ్యూటీకి వెళ్లాడు. ఆ కూరలో సగం ఈనెలే. దూసేటప్పుడు ఆకేదో పుల్లేదో ఆ వేళ్లకు తెలియదు. ఇరవై ఏళ్లుగా ఆవిడ వెనకాలే కూర్చుని అతను దూసిన ఆకును మళ్లీ ఏరేదని ఆ రోజు గానీ మాకు తెలియలేదు.

మా ఆవిడ తట్టుకోలేకపోయింది. వారం తర్వాత తమ్ముడి భుజాలు పట్టుకుని కుదిపేసింది.

"ఏడవరా! ఒక్కసారి ఏడవరా! రాయిలా ఉంటే ఎలా?"

"వస్తే ఏడుస్తానక్కా. రావడం లేదు."

"రావడం లేదేంట్రా? బస్సా?"

"ఏమో. ఎదురుచూస్తున్నాను."

అతను ఎగతాళి చేయడం లేదు. నిజంగానే ఎదురుచూస్తున్నాడు. సాయంత్రాలు గుమ్మంలో కుర్చీ వేసుకుని, మందు వేసుకున్న మనిషి అది పనిచేస్తుందేమోనని కూర్చున్నట్టు కూర్చునేవాడు. చీకటి పడ్డాక లేచి కుర్చీ లోపల పెట్టేవాడు. నేను జోకులు చెప్పాను. అబద్ధాలు చెప్పాను. నేనొకప్పుడు రైలును చేత్తో ఆపాననే కథ కూడా చెప్పాను. "ఊ" అన్నాడు. ఆ "ఊ" ఏ రకమో కనిపెట్టి చెప్పే మనిషి లేదు.

మరుసటి ఏడాది, ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతాడనగా, ఆఫీసుకు కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. చిన్న వయసు, గట్టి మనిషి. మా వీధిలో స్తంభాలు తీసేసి భూమిలోంచి కేబులు వేయాలని ఆర్డరు తెచ్చింది. దాంతోపాటు కేబులు దారి పొడుగునా ఉన్న పన్నెండు చెట్లనూ నేలమట్టం చేయాలి, మొదళ్లలో మళ్లీ మొలవకుండా మందు పోయాలి. ఆ సెక్షను లైన్‌మన్ మా బావమరిదే. పని చేయించి సంతకం పెట్టాల్సిందీ అతనే.

ఆ సాయంత్రం ఆర్డరు కాగితం మా ఇంటి బల్ల మీద పెట్టి, మంచినీళ్లు తాగాడు. మా ఆవిడ కాగితం చదివింది.

"కొట్టేస్తావా?"

"ఆర్డరక్కా."

"అది నాటిన చెట్లురా. దానివంటూ మిగిలినవి అవే. ఎవరైనా ఫోటోకి దండేసుకుంటారు, నీకు ఇంట్లో ఫోటో కూడా లేదు."

"ఊ."

"ఊ కాదురా! ఆ చెట్లు పోతే నువ్వు పొద్దున లేచి ఏం చేస్తావు? చెప్పు, ఏం చేస్తావు?"

అతను గ్లాసు బోర్లించి కాసేపు ఆలోచించాడు. "తెలీదు" అన్నాడు.

అన్ని రోజుల్లో అతను నిజంగా ఆలోచించి ఇచ్చిన జవాబు అదొక్కటే. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. పొద్దున ఆ పన్నెండు చెట్ల దగ్గరికి వెళ్లి రావడమొక్కటే అతన్ని మంచం మీద నుంచి లేపుతోందని మా ఇద్దరికీ తెలుసు. అదీ పోతే ఆ కుర్చీ లోపలికి వెళ్లకుండా గుమ్మంలోనే ఉండిపోతుంది, అతనూ అందులోనే ఉండిపోతాడు.

నేను ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్లి అర్జీ ఇచ్చాను. ఆవిడ మర్యాదగానే కూర్చోబెట్టింది. "పెద్దవారు, మీకు తెలియనిది కాదు. వేర్లు కేబులు దగ్గరికి పోతే రేపు మంటలంటుకుంటాయి. బాధ్యత నాది కదండీ" అంది. ఆవిడ తప్పేమీ లేదు. నేను లేచి వచ్చేశాను.

సోమవారం పొద్దున కొట్టారు. వీధంతా గుమ్మాల్లో నిలబడింది. కూలీలు ముగ్గురు, గొడ్డళ్లు రెండు. మొదటి వేటు మాత్రం అతనే వేశాడు. ఇస్త్రీ ఆవిడ చేతిలో పెట్టె అలాగే పట్టుకుని అరిచింది.

"పెళ్లాం పోయి ఏడాదైనా కాలేదు, చెట్లు కొట్టడానికి చేతులెలా వచ్చాయయ్యా?"

"జరగమ్మా, కొమ్మ మీద పడుతుంది" అన్నాడతను.

"పడితే పడనీ! రేపటి నుంచి పిల్లలకి ఏం వండి పెట్టమంటావు, నీ తీగలా?"

"జరగమ్మా."

ఆవిడ జరిగింది. కొమ్మ పడింది. మధ్యాహ్నానికి పన్నెండు మొదళ్లు మిగిలాయి. అతనే వంగి ఒక్కో మొదట్లో బెజ్జం వేసి మందు పోశాడు, సీసా మూత బిగించాడు, రిజిస్టరులో సంతకం పెట్టాడు. అతని ముఖం చూశాను. మీటరు రీడింగు రాసుకునే ముఖం.

కొమ్మలన్నీ రోడ్డు పక్కన కుప్పగా పడున్నాయి. మర్నాడు కందకం తవ్వి, గొట్టాలు పరిచి, కేబులు లాగి, మట్టి పూడ్చారు. పూడ్చాక కేబులు ఎక్కడుందో తెలియడానికి పది అడుగులకొకటి గుర్తు రాళ్లు పాతాలి. రాళ్లు రాలేదు. ఇంజనీరమ్మ జీపు దిగుతూ, "రాళ్లు వచ్చేదాకా ఏవైనా గూటాలు పాతించండి. ఎవరూ తెలియక తవ్వకూడదు. అప్పటిదాకా ఒక్క గుర్తూ కదపకూడదు, రాసి పెడుతున్నాను" అంది. రాసి పెట్టింది కూడా.

గూటాలకు అతను మునగకొమ్మలు వాడాడు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మునగ కొయ్య లోకంలోకెల్లా పనికిమాలిన కొయ్య. దాంతో కుర్చీ చేస్తే కూర్చునేలోపే కూలుతుంది. ముప్పై నాలుగేళ్లు చెట్లు కొట్టిన మనిషికి ఈ సంగతి తెలియకపోవడానికి వీల్లేదు. ఆఫీసు స్టోరులో ఇనుప కడ్డీలున్నాయి. కర్రల అడితి పక్క సందులోనే ఉంది. అతను కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని చేతికి నిండుగా వచ్చే లావు కొమ్మలు మాత్రమే ఏరాడు. మొదలు వైపు ఏదో చివర వైపు ఏదో ఒక్కో దానికీ తిప్పి చూసుకున్నాడు. మొదలు కిందికే ఉండేలా, గొట్టానికి మూరెడు పక్కగా, అరవై రెండు పాతించాడు. నేను అరుగు మీద నుంచి చూస్తూనే ఉన్నాను. పేపరు సరిగ్గానే పట్టుకున్నాను.

"ఏరా, అవి నిలుస్తాయా?" అని అడిగాను.

"రాళ్లొచ్చేదాకానే కదా బావా."

వానలు పడ్డాయి. ఇరవై రోజులకు మా వీధి గూటాలు చిగుర్లు వేశాయి. నెల తిరిగేసరికి వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు జానల పచ్చటి జడలు లేచాయి. వాటిలో కొన్ని కుళ్లిపోయాయి, ఒకటి ఆవు తినేసింది. యాభై మూడు బతికాయి.

తనిఖీకి వచ్చిన ఇంజనీరమ్మ జీపు దిగి, అలాగే నిలబడిపోయింది. వీధిలో అన్ని గుమ్మాలూ నిండిపోయాయి. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది, ఇప్పటికీ అక్కడ గుర్తుంది.

"ఇవేంటి?" అంది ఇంజనీరమ్మ.

"గూటాలు మేడమ్."

"గూటాలకు ఆకులేంటయ్యా?"

"వానలకి మేడమ్."

"పీకించండి."

"దారి గుర్తు పోతుంది మేడమ్. రాళ్లు వచ్చేదాకా కదపకూడదని మీ ఆర్డరు." కాగితం జేబులోంచి తీసి, మడత విప్పి ఇచ్చాడు.

ఆవిడ తన సంతకాన్ని తనే చాలాసేపు చదువుకుంది. "రాళ్లెప్పుడొస్తాయి?"

"స్టోరు వాళ్లను అడగాలి మేడమ్."

"వేర్లు?"

"మొక్కను ఎదగనివ్వకుండా కొడుతూ ఉంటే వేరూ దూరం పోదు మేడమ్. కేబులు గొట్టంలో ఉంది. ఏడాదికోసారి తవ్వి చూసుకోవచ్చు."

ఇది పూర్తిగా నిజమో కాదో నాకు తెలియదు. ఆవిడకూ తెలిసినట్టు లేదు. ఆవిడ గుమ్మాల్లో ఉన్న మమ్మల్నందరినీ ఒకసారి చూసింది. ఇస్త్రీ ఆవిడ మొదటిసారిగా నోరు మూసుకుని ఉంది. అప్పుడు ఇంజనీరమ్మ జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాసింది. కేబులు గుర్తులు అన్నివేళలా కనిపించేలా, నాలుగడుగులు మించి పెరగకుండా, సిబ్బంది ఆర్నెల్లకోసారి కత్తిరించవలెను. సంతకం, తేదీ. ఏడాదికోసారి తవ్వి చూడవలెనని కింద ఇంకో వాక్యం చేర్చింది. పోతూ పోతూ ఒక రెమ్మ తుంచి వాసన చూసి, దాన్ని బ్యాగులో వేసుకుంది.

వీధి చప్పట్లు కొట్టింది. ఇస్త్రీ ఆవిడ పరిగెత్తుకొచ్చి, "నిన్నన్ని మాటలన్నానయ్యా, నా నోట్లో మన్నుపడ!" అని చెంపలేసుకుంది. "పర్లేదమ్మా" అన్నాడు. నేను వెళ్లి భుజం తట్టి, నీలాంటివాడు నాలుగు జిల్లాల్లో లేడన్నాను. "నన్ను మునగచెట్టు ఎక్కించకు బావా, అది విరుగుతుంది" అన్నాడు.

కథల్లో అయితే ఈ చోట అతనికి కళ్లనీళ్లు పెట్టించేవాణ్ణి. నేను రాసే కథల్లో ఇంతకంటే చిన్న కారణాలకే రాళ్లు కూడా ఏడ్చాయి. కానీ ఆ రోజంతా కనిపెట్టి చూశాను, అతను ఏడవలేదు, నవ్వలేదు. రాత్రి భోజనం దగ్గర మా ఆవిడ మెల్లగా, "ఏమనిపించిందిరా?" అని అడిగితే, "ఏమీ అనిపించలేదక్కా" అన్నాడు. మర్నాడు పొద్దున మాత్రం ఐదున్నరకల్లా లేచి వీధిలోకి వచ్చాడు. ఇదివరకు పన్నెండు చెట్లకీ పది నిమిషాలు పట్టేది. ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి, తిరిగి రావడానికి గంటన్నర పడుతోంది. రిటైరై మూడేళ్లయింది. రాళ్లు ఇంకా రాలేదు.

ఇదంతా రాసి, నిన్న మధ్యాహ్నం అతనికి చదివి వినిపించాను. గుమ్మంలో కూర్చుని ఆకు దూస్తున్నాడు. మా ఆవిడ పక్కనే కూర్చుని, అతను దూసింది మళ్లీ ఏరుతోంది. అతను మధ్యలో ఎక్కడా తల ఎత్తలేదు. అయిపోయాక, "ఎలా ఉందిరా?" అన్నాను.

"అబద్ధం బావా."

"ఏది? బల్బు సంగతి ముందే ఒప్పుకున్నాను కదా."

"అంతా. ఆ చెట్లు ఎవరూ నాటలేదు, వాటంతటవే మొలిచాయి. గూటాలకి చేతికి దొరికిన కర్రలు పాతించాను. అవి మునగవని నాకు తెలీదు."

"తిప్పి తిప్పి చూశావు కదరా! నేను చూశాను."

"నీకు చత్వారం బావా."

"మరి ఆర్డరు కాగితం?"

"నాకెవరూ ఏ కాగితం ఇవ్వలేదు."

"ఒరేయ్, మీ అక్క సాక్ష్యం. అడుగు."

మా ఆవిడ పళ్లెంలోంచి ఒక ఈనె తీసి పక్కన పడేసింది. అతను ఇంకో రెమ్మ అందుకున్నాడు.

"అలాంటిదేదీ జరగలేదు" అన్నాడు.